అమెరికా టర్న్‌టేబుల్‌తో వచ్చే చిక్కు

బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్స్ 2015 డిసెంబరులో మూతపడింది. ఆ తర్వాత నిజామాబాద్ చేరిన మా ఇంటి సామాన్లలో తాత రికార్డులు కూడా ఉన్నాయి. ఘంటసాల భగవద్గీత ఎల్పీ, పాత సినిమా పాటల ఈపీలు, ఓ డజను 78లు. వాటిని వినడానికి ఏం కొనాలా అని ఇంట్లో ఒకటే చర్చ.

నా ఓటు సూట్‌కేసు ప్లేయర్‌కి మాత్రం కాదు. చూడ్డానికి ముద్దుగా ఉంటుంది, ధరా తక్కువే. కానీ వాటిలో చాలావరకు సిరామిక్ కార్ట్రిడ్జే. సూది రికార్డు మీద 5-6 గ్రాముల బరువు మోపుతుంది. మంచి మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్‌కి 2 గ్రాములు చాలు. కౌంటర్‌వెయిట్ ఉండదు కాబట్టి బరువు తగ్గించుకునే దారీ లేదు. ఎంపీత్రీ పోతే ఇంకోటి దింపుకుంటాం, తాత రికార్డు గాడి అరిగితే బ్యాకప్ ఎక్కడుంది?

"మన పాత హెచ్ఎంవీ పెట్టె బాగు చేయిద్దాం" అంటాడు బాపు. దాందీ బరువు సూదే. షోకేసులో పెట్టుకుందాం బాపూ అన్నాను, ఇంకా ఒప్పుకోలేదు :)

ఇక మనవాళ్ళకి బాగా అలవాటైన పని, డాలస్‌లో ఉన్న బావకి ఫోన్ చేసి "వచ్చేటప్పుడు ఓ టర్న్‌టేబుల్ పట్రా" అనడం. తెమ్మనే ముందు మోటారు ఏదో అడగండి. పాత మోడళ్ళలో ఏసీ సింక్రనస్ మోటారుంటే అది కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి తిరుగుతుంది. అక్కడ 60 హెర్ట్జ్, మనకి 50. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఓల్టేజీని తగ్గిస్తుంది గానీ 50ని 60 చెయ్యదు కదా! నిమిషానికి 33⅓ చుట్లు తిరగాల్సింది 27.8 దాటదు. ఘంటసాల మూడు స్వరస్థానాలు కిందికి దిగి, నిద్రమత్తులో పాడినట్టు ఉంటుంది. 50 హెర్ట్జ్ పుల్లీ దొరికితే సరే, లేదంటే వదిలేయండి. డీసీ మోటారు, 100-240 ఓల్టుల అడాప్టర్ ఉన్నదైతే ఈ గొడవే లేదు.

78లున్న వాళ్ళు ఇంకోటి చూసుకోవాలి. రెగా ప్లానార్ 1 మంచిదే, కానీ 33, 45 మాత్రమే. ఆడియో టెక్నికా ఎల్పీ120ఎక్స్‌లో మూడు స్పీడులూ ఉన్నాయి, కౌంటర్‌వెయిట్ ఉంది, ఫోనో ప్రీఆంప్ లోపలే ఉంది. నేను దానివైపే మొగ్గుతున్నా. 78ల గాడి ఎల్పీ గాడికి మూడింతలు వెడల్పు కాబట్టి వాటికి సూది వేరే కొనాలి.

ఈలోపు బాపు రోజూ రికార్డులు తుడుస్తున్నాడు. 78లకి మాత్రం స్పిరిట్ తగలనివ్వకండి, లక్క కరిగిపోతుంది.