టికెట్టు సొమ్మును గూర్చి యొక మాట

కొత్తవాడ యనగానే జంపఖానాలు జ్ఞప్తికి వచ్చును. ఆ మగ్గముల కూలి చాలక సూరత్తునకును, భివండికిని, షోలాపురమునకును వలసపోయిన కుటుంబములును మన వాడలో పెక్కు గలవు. కావున రైలుప్రయాణము మనకు వేడుక కాదు, అవసరము. నేడు ఆ టికెట్టు కొనువారెవరు? అనేక గృహములలో మన పాఠశాల పిల్లలే. తండ్రికి ఆంగ్లము రాదు. తల్లికి ఫోనుతో పరిచయము తక్కువ. ఎనిమిదవ తరగతి చదువు బాలుడు కూర్చుండి పని ముగించును. ఇది మాకు సంతోషమే గాని, ఆ బాలునిపై నెంత భారము మోపితిమో పెద్దలు తలంచుచున్నట్లు లేదు.

మేమెరిగిన యొక యింట జరిగినది చెప్పెదము. ప్రయాణము మానుకొని టికెట్టు రద్దుచేసిరి. సొమ్ము వెంటనే తిరిగి రాలేదు. ఆ యింటి బాలిక ఫోనులో వెదకగా, టికెట్టు అమ్మిన సంస్థ పేరుతో నొక నంబరు అన్నిటికంటె పైన కనబడెను. అవతలివాడు మిక్కిలి మర్యాదగా, చక్కని తెలుగున మాటలాడి, యొక యాప్ దింపుకొనుమనియు, ఖాతా సరిచూచుటకు పది రూపాయలు మాత్రము చెల్లింపుమనియు చెప్పెను. ఆ యాప్ మన ఫోను నవతలివాని చేతికిచ్చునట్టిది. బాలిక పిన్ నొక్కినది, వాడు చూచినాడు. ఖాతాలోని కూలిడబ్బంతయు పోయెను. ఆమె భయపడి రెండు దినము లెవ్వరికిని చెప్పలేదు.

ఆమె తప్పు మాకు చిన్నదిగానే తోచుచున్నది. డబ్బిచ్చి ప్రకటన వేయించుకొన్నవాడును వెదకులాటలో పైననే యుండునని ఆమెకెవరు చెప్పిరి? రిజర్వు బ్యాంకువారు 2022లో వెలువరించిన 'బి అవేర్' అను పుస్తకమున నీ మోసము వర్ణింపబడియున్నది. దానిని తరగతిలో చదివింపని మేమును నిందార్హులమే. తమ నిజమైన నంబరును మూలమూలల దాచు సంస్థలను గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు.

నంబరు కావలసినచో టికెట్టుమీదనో, టికెట్టు కొన్న యాప్‌లోనో చూడవలయును. రైలువారి సహాయమునకు 139 గలదు. రద్దయిన టికెట్టు సొమ్ము మనము చెల్లించిన ఖాతాకే కొన్ని దినములలో తనంతట వచ్చును. యూపీఐ పిన్ సొమ్ము పంపుటకే గాని పుచ్చుకొనుటకు అక్కరలేదు.

అంతకంటె ముఖ్యమైనది తలిదండ్రులతో చెప్పవలసియున్నది. మోసము జరిగిన తోడనే 1930 నంబరునకు ఫోను చేసినచో, సొమ్ము ఇంకను ఏ బ్యాంకులోనైన నిలిచియున్న యెడల దాని నాపుటకు వీలుండును. గంటలు గడచిన కొలది అది ఖాతానుండి ఖాతాకు మారిపోవును. ఆ బాలిక మౌనమునకు కారణము దొంగ కాదు, తండ్రి కోపము. తిట్లకు వెరచిన బిడ్డ వలన దొంగకు రెండు దినముల గడువు దొరికినది.

ఆ తండ్రి ఈ సంగతి మాతో చెప్పుచు తన్ను తానే నిందించుకొనెను. ఆ యింట టికెట్లు ఇప్పుడును బాలికయే కొనుచున్నది. తండ్రి ప్రక్కన కూర్చుండుచున్నాడు.