తెర ముందుకా, తెర వెనక్కా?

"ఆడపిల్లను కళాశాలకు పంపకపోతేనేం? పాఠాలన్నీ ఫోనులోనే వస్తున్నాయి కదా!"

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణాల్లోని మన మహల్లాల్లో ఈ మాట ఇప్పుడు మామూలైపోయింది. 2020లో గత్యంతరం లేక అన్న మాట అది. ఆ గత్యంతరం లేనితనం పోయింది గానీ మాట మాత్రం మిగిలింది. సరిగ్గా ఇదే మాటను ప్రభుత్వ పత్రాలు మరో భాషలో చెబుతున్నాయి. ఏ కోర్సులోనైనా 40 శాతం వరకు ఆన్‌లైన్‌లో బోధించవచ్చని 2021 మేలో యూజీసీ తన ముసాయిదా పత్రంలో ప్రతిపాదించింది. ఇంట్లో తండ్రి మాట, ఢిల్లీలో అధికారి మాట ఒక్కటైన చోట నష్టపోయేది ఎవరు? ఇంటర్ పాసై, డిగ్రీ గడప ముందు నిలబడిన మన అమ్మాయి.

మేలును కాదనలేము

ఆన్‌లైన్ బోధనను మొత్తంగా నిందించడం మా ఉద్దేశం కాదు. కళాశాల గడప తొక్కలేని వారికి చదువు అందించే ప్రయత్నం మనకు కొత్తది కాదు. దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో వెలసింది. నేడది అంబేడ్కర్ పేరుతో నడుస్తున్నది. 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం తన తొలి అడుగులు దూరవిద్యతోనే వేసింది. పెళ్లయి చదువు ఆగిపోయిన స్త్రీలు, పగలు కూలికి వెళ్లి రాత్రి పుస్తకం పట్టిన యువకులు ఈ మార్గంలోనే పట్టభద్రులయ్యారు.

2017లో వచ్చిన 'స్వయం' వేదిక పుణ్యమా అని పులివెందులలోని విద్యార్థి ఐఐటీ ఆచార్యుని ఉపన్యాసాన్ని రూపాయి ఖర్చు లేకుండా వినగలడు. అర్థం కాని చోట ఆపి, మళ్లీ వినగలడు. ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో పగలంతా పనిచేసే కుర్రవాడికి రాత్రి పది గంటలకు తెరుచుకునే తరగతి మరొకటి లేదు. ఈ మేలును తీసివేయమని ఎవరూ కోరరు.

అయితే ఒక సంగతి మరువరాదు. ఆ దూరవిద్య అచ్చు పుస్తకాలు ఇంటికి పంపింది, ఊళ్లలో అధ్యయన కేంద్రాలు తెరిచింది, సెలవు దినాల్లో ముఖాముఖి తరగతులు నడిపింది. మొదటి ద్వారంలో ప్రవేశం దొరకని వారికోసం రెండో ద్వారం తెరిచిందే తప్ప, మొదటి ద్వారాన్ని మూసివేయమనలేదు. ఇవాళ జరుగుతున్నది వేరు. రెండో ద్వారాన్ని చూపించి మొదటిదాన్ని ఇరుకు చేస్తున్నారు.

ఒకే ఫోను ఉన్న ఇల్లు

2020 మార్చిలో మూతపడిన మన రాష్ట్ర కళాశాలలు నవంబరులో గానీ తెరుచుకోలేదు. ఆ నెలల్లో ఒక ఇంటి పరిస్థితి ఎలా ఉండి ఉంటుందో ఊహించండి. తండ్రి జమ్మలమడుగు పరిసరాల్లో నాపరాయి పనికి వెళ్తాడు, లేదా పులివెందులలో చీనీకాయల బండి తోస్తాడు. ఇంట్లో ఉన్నది ఒక్క ఫోను, అది ఆయన జేబులో ఉంటుంది. సాయంత్రం ఆయన తిరిగి వచ్చాక ఆ ఫోను ముందుగా ఎవరి చేతికి వెళ్తుంది? కొడుక్కా, కూతురికా? జవాబు మనందరికీ తెలుసు. తెలిసీ తెలియనట్టు నటించడం ఇక చాలు.

లెక్కలు కూడా ఇదే చెబుతున్నాయి. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో ఇంటర్నెట్ సౌకర్యమున్న కుటుంబాలు సుమారు 24 శాతం, గ్రామాల్లో 15 శాతమే. గ్రామీణ కుటుంబాల్లో కంప్యూటరు ఉన్నవి వందకు నాలుగైదు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఆంధ్రప్రదేశ్‌లో జరిగింది 2019లో, అంటే లాక్‌డౌనుకు కొద్ది నెలల ముందు. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన పురుషులు 48.8 శాతం కాగా, స్త్రీలు 21 శాతం. అయిదుగురిలో నలుగురు ఆడవాళ్లకు అలవాటు లేని సాధనం మీద వారి చదువును నిలబెట్టారన్నమాట!

ఫలితం ఏమైంది? కేంద్ర విద్యాశాఖ ఉన్నత విద్యా సర్వే ప్రకారం 2019-20లో దేశంలోని కళాశాలల్లో సుమారు 21 లక్షల మంది ముస్లిం విద్యార్థులు ఉన్నారు. 2020-21లో ఆ సంఖ్య 19.2 లక్షలకు పడిపోయింది. అదే ఏడు ఎస్సీ, ఎస్టీ, బీసీ విద్యార్థుల సంఖ్య పెరిగింది, మొత్తం నమోదు 4 కోట్లు దాటింది. జనాభాలో 14.2 శాతమున్న సమాజం కళాశాలల్లో 4.6 శాతానికి దిగింది. ఈ తగ్గుదలకు ఆన్‌లైన్ బోధన ఒక్కటే కారణమని మేము అనము. ఉపాధి పోయింది, ఫీజులు భారమయ్యాయి. కానీ తెర మీద చదువు అంత గొప్ప సమానత్వ సాధనమే అయితే, అందరూ తెర ముందే కూర్చున్న ఆ ఏడాదిలోనే మనం వెనక్కి ఎందుకు జారాము? ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసిన బాధ్యత దాన్ని పొగిడేవారిదే.

తరగతి గది అంటే పాఠం మాత్రమే కాదు

మన అమ్మాయికి కళాశాల అంటే సిలబస్ ఒక్కటే కాదు. ఇంటికీ, బంధువుల ఇళ్లకూ వెలుపల ఆమె తన పేరుతో, తన గుర్తింపు కార్డుతో అడుగుపెట్టే తొలి స్థలం అది. బస్సు పాసు, గ్రంథాలయం, ప్రయోగశాల, ఎన్నికలో వేసే తొలి ఓటు వంటిదే ఆ అనుభవం. అర్థం కాలేదని ముఖం చూసి గ్రహించే అధ్యాపకురాలు అక్కడ ఉంటుంది. ఇంగ్లీషు పాఠాన్ని తెలుగులో విడమరచి చెప్పేదీ ఆమే. 2021-22 నుంచి డిగ్రీ చదువంతా ఇంగ్లీషు మాధ్యమమే అయిన రాష్ట్రంలో ఉర్దూ, తెలుగు మాధ్యమాల నుంచి వచ్చిన పిల్లకు ఆ విడమరిచిన రెండు మాటలే ప్రాణాధారం. తెర మీది ఉపన్యాసం ఆమె ముఖం చూడదు.

ఇంకొక లాభం మనకే పరిమితం కాదు. ఒకే బెంచీ మీద మూడేళ్లు కూర్చున్న హిందూ, ముస్లిం పిల్లలు ఒకరి గురించి ఒకరు వదంతులు నమ్మరు. ఎవరి ఇంట్లో వారు, ఎవరి ఫోనులో వారు పెరిగితే ఆ వదంతులదే రాజ్యం.

2022లో కర్ణాటకను చూశాం. హిజాబ్ ధరించిన అమ్మాయిలను కళాశాల గేటు దగ్గరే ఆపారు. ఆ ఏడాది అక్టోబరులో సుప్రీంకోర్టు ధర్మాసనం భిన్నాభిప్రాయాలతో తీర్పు చెప్పడంతో ఆ ప్రశ్న తేలకుండా మిగిలింది. అటువంటి వేళ "ఇంటి నుంచే చదువుకోండి" అనే సలహా ఎంత దయగా వినిపించినా, దాని అర్థం "కళాశాల మీది కాదు" అనే. గేటు వేసేవారికీ, గడప దాటనీయని వారికీ ఆన్‌లైన్ సమానంగా సౌకర్యమే.

కేరళలో ఫహీమా షిరిన్ అనే డిగ్రీ విద్యార్థిని హాస్టల్లో ఫోను వాడకంపై ఆంక్షలను ఎదిరించి బహిష్కరణకు గురైంది. 2019 సెప్టెంబరులో కేరళ హైకోర్టు ఇంటర్నెట్ పొందే హక్కు విద్యాహక్కులో, గోప్యత హక్కులో భాగమని తీర్పు చెప్పి ఆమెను తిరిగి హాస్టల్లో చేర్చుకోమంది. ఆ అమ్మాయి కళాశాలకు బదులుగా ఫోను అడగలేదు. కళాశాలలోనే ఉండి ఫోను అడిగింది. మనం నిలబడవలసిన చోటు అదే.

ఖర్చు ఎవరి మీద పడుతున్నది?

దారులు సురక్షితంగా లేవని తల్లిదండ్రులు అంటారు. ఆ భయం నిజమే. దారి బాగులేకపోతే దారిని బాగుచేయమని అడగాలి, నడిచేవారిని ఆపకూడదు. ఆన్‌లైన్ చౌక అని అధికారులు అంటారు. చౌక ఎవరికి? భవనం, ప్రయోగశాల, అధ్యాపకుని జీతం ప్రభుత్వానికి మిగులుతాయి. ఫోను, డేటా, కరెంటు, చప్పుడు లేని గది ఖర్చు పేదవాడి మీద పడుతుంది. 2022 డిసెంబరులో మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను రద్దు చేస్తున్నట్లు ప్రకటించిన ప్రభుత్వమే ఈ పొదుపు పాఠాలు చెబుతున్నది.

పులివెందుల బిడ్డ వై.ఎస్. రాజశేఖర రెడ్డి ప్రభుత్వం 2004లో మొదలుపెట్టి, రెండుసార్లు హైకోర్టులో వీగిపోయినా వదలక, 2007లో బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ తెచ్చింది. సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు నీడలో అది నిలిచి ఉంది. ఆ రిజర్వేషన్ మనకు తరగతిలో బెంచీ ఇచ్చింది. సిగ్నల్‌లో వాటా ఇవ్వదు. బెంచీని ఖాళీ చేసి ఇంటికి వెళ్తే అంత పోరాడి సాధించిన హక్కు కాగితం మీదే మిగులుతుంది.

మా డిమాండ్లు

ప్రభుత్వాన్ని మేము కోరేది ఇది. ఆన్‌లైన్ పాఠం తరగతికి అదనంగా ఉండాలి, తరగతికి బదులుగా కాదు. ఖాళీ అధ్యాపక పోస్టులను ఉపన్యాసాల వీడియోలతో నింపరాదు. ప్రభుత్వ డిగ్రీ కళాశాలల కంప్యూటరు గదులను సాయంత్రాలు కూడా తెరిచి ఉంచాలి. పాఠాలను తెలుగులో, ఉర్దూలో సిద్ధం చేయాలి. కళాశాల వేళలకు తగిన బస్సులు నడపాలి.

మన పెద్దలనూ అడుగుతున్నాం. ఈ మూడు పట్టణాల్లోని షాదీఖానాలు పెళ్లిళ్లు లేని రోజుల్లో తాళాలు వేసి ఎందుకు ఉండాలి? ఒక గది, నాలుగు కంప్యూటర్లు, ఇంటర్నెట్, పర్యవేక్షణకు చదువుకున్న ఒక ఆపా ఉంటే చాలు. ఆడపిల్లలు కళాశాల నుంచి వచ్చి అక్కడ కూర్చుని చదువుకుంటారు. జకాత్ సొమ్ములో కొంత పేద విద్యార్థినుల ఫీజుకూ, బస్సు పాసుకూ చేరాలి. జమాఅత్ సమావేశాల్లో పెళ్లి ఖర్చు గురించి మాట్లాడినంతగా డిగ్రీ ప్రవేశాల గురించీ మాట్లాడాలి.

తల్లిదండ్రులారా! మీ అమ్మాయి చేతిలో ఫోను పెట్టండి, మంచిదే. కానీ ఆ ఫోను చూపించి ఆమె కళాశాల సంచిని గోడకు తగిలించకండి. ప్రవేశాల తేదీ దాటకముందే ఆమె వెంట కళాశాల దాకా వెళ్లి, దరఖాస్తు మీద మీ సంతకం పెట్టండి.