అమృతం నష్టపోతే ఎవరు భరించారు?

జెమిని టీవీలో 2001 నవంబరు 18న మొదలై, సరిగ్గా ఆరేళ్ళకు 2007 నవంబరు 18న ముగిసింది 'అమృతం'. 313 భాగాలు. గుణ్ణం గంగరాజు అందించిన ఆ ఆదివారం హాస్యాన్ని అప్పటికి పుట్టని పిల్లలు కూడా ఇప్పుడు యూట్యూబులో చూసి నవ్వుతున్నారు. అమ్మలూ పక్కన కూర్చుని చూస్తున్నారు. ఆ రోజుల్లో వాళ్ళకు కుదురుగా చూసే తీరిక ఎక్కడిది? సోమవారం దోసెలకు పిండి రుబ్బుకుంటూ, వంటింటి గుమ్మంలోంచి సగం మాటలు విని నవ్వినవాళ్ళే ఎక్కువ. ఇప్పుడు పూర్తిగా చూస్తుంటే నవ్వుతో పాటు కొన్ని ఆలోచనలూ వస్తున్నాయి.

ముందు మెచ్చుకోవాల్సింది మెచ్చుకుందాం. ఆ తర్వాత వచ్చిన డైలీ సీరియళ్ళలో ఆడవాళ్ళకు రెండే పనులు మిగిలాయి. ఒకరు ఏడవాలి, ఇంకొకరు ఏడిపించాలి. అమృతం భార్య సంజీవని, ఆంజనేయులు భార్య శాంత ఆ బాపతు కాదు. మొగుడు అబద్ధమాడితే పసిగడతారు, నాలుగు తిడతారు, మళ్ళీ అన్నం పెడతారు. పక్కింటి స్నేహాన్ని కుట్రలతో చెడగొట్టుకోరు. (అమృతం, సంజీవని అని రెండూ ప్రాణం పోసేవాటి పేర్లే పెట్టారు, గమనించారా? హోటలుకు మాత్రం అమృత విలాస్ అని ఆయన పేరే!)

కుప్పం వైపు ఇళ్ళలో ఈ పోలిక ఇంకా బాగా తెలుస్తుంది. అటు కర్ణాటక, ఇటు తమిళనాడు. కేబుల్‌లో మూడు భాషలూ వస్తాయి. ఇంచుమించు ఆ రోజుల్లోనే కన్నడంలో 'పాపా పాండు' ఉండేది, గడుసు భార్య చేతిలో భర్త పడే పాట్లు దాని సరుకు. తమిళంలో భార్యాభర్తలిద్దరికీ ఒకటే పేరున్న 'రమణి వర్సెస్ రమణి'. రెండింటిలోనూ కథ మొగుడూ పెళ్ళాల మధ్యే. మన 'అమృతం'లో అసలు జంట అమృతం, ఆంజనేయులే. భార్యలు పక్క గదిలో ఉంటారు. ఇదేమీ నేరం కాదనుకోండి, కానీ నవ్వు ఎవరి వైపు నుంచి పుడుతోందో తెలుస్తుంది.

ఇక అసలు సంగతి. అమృతానికి రాత్రికి రాత్రి కోటీశ్వరుడు కావాలని ఆశ. ఒక పథకం వేస్తాడు, ఆంజనేయుల్ని లాగుతాడు, బోర్లా పడతాడు. మహా అయితే రెండు మూడు వారాలు. తర్వాత హోటలు అక్కడే, సర్వం అక్కడే, ఇంటి ఓనరు అప్పాజీ అక్కడే. పోయిన డబ్బు ఎక్కడా కనపడదు. కామెడీ అన్నాక అలాగే ఉంటుంది మరి.

మదనపల్లెలో అమృతాలు లేరా? ప్రతి వీధిలో ఉన్నారు. టమాటా వేసే ప్రతి ఇంట్లో 'ఈసారి రేటు తగిలిందంటే...' అనే మాట వినపడుతుంది. 2023 జూలైలో అక్కడి మార్కెట్లో కిలో నూట యాభై దాటింది, తగిలినవాళ్ళకు తగిలింది. కాయలు కోసిన కూలి కూడా రాక రోడ్డు పక్కన పారబోసిన ఏళ్ళూ మనం చూశాం. నారు, కట్టెలు, దారం, మందులు, ఇవన్నీ ముందే పెట్టే ఖర్చులు. ఆ పెట్టుబడికి చాలా ఇళ్ళలో మొదట కదిలేది ఆడవాళ్ళ మెడలోని బంగారం. కుదవ పెట్టిన గొలుసు వచ్చే ఆదివారానికి తిరిగి రాదు.

సీరియల్ అయిపోయిన మూడేళ్ళకు, 2010 అక్టోబరులో, మైక్రో ఫైనాన్స్ సంస్థల వసూళ్ళను అదుపు చేయడానికి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. ఆ అప్పులు ఎక్కువగా ఆడవాళ్ళ పేర్ల మీదే ఉన్నాయి. ఖర్చు పెట్టింది ఎవరైనా, వాయిదా రోజున గుమ్మంలో నిలబడి జవాబు చెప్పింది వాళ్ళే. అమృతం పథకాలు నడుస్తున్న ఏళ్ళలోనే ఈ అప్పులూ ఊరూరా పెరిగాయని గుర్తుంచుకుని చూడండి, సంజీవని చిరాకు వేరేగా వినిపిస్తుంది. గయ్యాళితనం అనుకుని నవ్వాం. ఇంటి లెక్క తెలిసిన మనిషి భయం అది.

ఇప్పుడు రాస్తే కథలకేం కొదవ? పుంగనూరు పొట్టి ఆవుకు లక్షలు పలుకుతున్నాయని విని, అమృతం ఒక దూడను కొనుక్కొచ్చి అప్పాజీ వాకిట్లో కట్టేస్తాడు. పాలు పిండేదెవరు, పేడ ఎత్తేదెవరు? ఆంజనేయులు మాత్రం కాదు. ఆ పాత్రను అంత ముద్దుగా నిలబెట్టిన గుండు హనుమంతరావు 2018లో పోయారు, ఆ లోటు తీరేది కాదు.

2014లో 'చందమామలో అమృతం' సినిమా తీసి, హోటల్ని చంద్రుడి మీదికి కూడా తీసుకెళ్ళారు. 2020 ఉగాదికి 'అమృతం ద్వితీయం' జీ5లో మొదలైంది. చంద్రుడి దాకా వెళ్ళినవాళ్ళు, అమృత విలాస్ గల్లాపెట్టె దగ్గర సంజీవనిని ఒక్క ఏడాది కూర్చోబెట్టి చూస్తే ఎలా ఉండేదో! ఉదయం ఆరుకే పొయ్యి వెలిగించి, పది గంటలకల్లా ఇడ్లీ గిన్నెలు ఖాళీ చేసి, మధ్యాహ్నం చీటీ డబ్బు కట్టే ఆడవాళ్ళ టిఫిన్ బళ్ళు ఈ మూడు ఊళ్ళలోనూ ఉన్నాయి. వాళ్ళ దగ్గరా బోలెడు నవ్వులున్నాయి. అరువు పెట్టి మొహం చాటేసే గిరాకీల గురించి ఒకసారి అడిగి చూడండి.