ఆ ఎర్ర గీత బంగారమే!

నెల తప్పి వారమైంది. మందుల షాపులో కొన్న చిన్న ప్యాకెట్టు. బాత్రూం తలుపుకి గడియ. మూడు చుక్కలు వేసి కళ్లార్పకుండా చూస్తుంటే, తెల్లటి పట్టీ మీద మెల్లగా ఒక ఎర్ర గీత... దాని పక్కనే ఇంకోటి. కొందరికి అది పండగ, కొందరికి గుండెదడ. కరోనా కాలంలో ఇలాంటి గీతే ఇంకోలా భయపెట్టింది. ముక్కులో పుల్ల తిప్పి పరీక్ష చేసుకున్నాక రెండో గీత కనిపిస్తే చాలు, ఆ మనిషి పద్నాలుగు రోజులు ఒక గదికే పరిమితం.

ఇంతకీ ఆ గీత ఏమిటి? ఎర్ర సిరా అనుకుంటారు చాలామంది. కాదు. చాలా కిట్లలో అది బంగారం! అక్షరాలా బంగారమే. అలాగని వాడేసిన పట్టీలు గీకి కంసాలి దగ్గరికి పరుగెత్తనక్కర్లేదు. అందులో ఉండేది మిల్లీగ్రాములో ఏ చిన్న భాగమో. ఆశా కార్యకర్తలు పల్లెల్లో గర్భనిర్ధారణకి ఉచితంగా ఇచ్చే కిట్లు కూడా ఈ తరహావే.

మరి బంగారం పచ్చగా కదా ఉండాలి? ఉండాలి... కంటికి కనిపించేంత ఉన్నప్పుడు. దాన్ని నానో రేణువులుగా చేస్తే రంగు మారిపోతుంది. నానో అంటే 2008లో టాటాలు చూపించిన లక్ష రూపాయల కారే గుర్తొస్తుంది కొందరికి. అసలు నానోమీటరంటే మీటరులో వందకోట్లో వంతు. తల వెంట్రుక మందం సుమారు ఎనభై వేల నుంచి లక్ష నానోమీటర్లు. పరీక్ష పట్టీలోని బంగారు రేణువు నలభై నానోమీటర్లు మాత్రమే. అంత చిన్న రేణువు మీద వెలుగు పడితే అందులోని ఎలక్ట్రాన్లన్నీ ఒక్కటై ఊగుతాయి. ఊగుతూ వెలుతురులోని ఆకుపచ్చని మింగేస్తాయి. మిగిలింది మన కంటికి ఎర్రగా తోస్తుంది.

ఈ సంగతి మొదట శాస్త్రీయంగా గమనించింది మైకేల్ ఫారడే. డైనమోకి మూలమైన సూత్రాన్ని కనిపెట్టిన ఫారడేనే. పల్చటి బంగారు రేకులతో ప్రయోగాలు చేస్తూ, వాటిని కడిగిన నీళ్లు లేత ఎరుపులోకి మారడం చూశాడాయన. ఇంకొకరైతే పారబోసేవారు. ఆయన మాత్రం వదల్లేదు. కంటికి కనిపించనంత చిన్న బంగారు రేణువులే ఆ రంగుకి కారణమని 1857లో ప్రకటించాడు. అప్పుడు తయారుచేసిన ద్రవం లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఇప్పటికీ సీసాలో ఉంది. ఎర్రగానే ఉంది!

పట్టీ మీద జరిగేది ఇంకా తమాషాగా ఉంటుంది. చుక్కలు వేసే చోట బంగారు రేణువులు ఎండిపోయి కాచుకుని ఉంటాయి. ఒక్కో దాని మీద యాంటీబాడీలు అంటించి ఉంటాయి. గర్భిణి మూత్రంలో ఉండే హెచ్‌సీజీ హార్మోనును ఒడిసిపట్టుకోవడమే వాటి పని. తడి తగలగానే రేణువులు హార్మోనును చంకనెత్తుకుని కాగితం వెంట ప్రయాణం మొదలెడతాయి. దారిలో గీత ఉండే చోట మరో రకం యాంటీబాడీలు కదలకుండా కూర్చుని ఉంటాయి. అవి హార్మోను రెండో కొసని పట్టుకుంటాయి. వచ్చిన రేణువు వచ్చినట్టే అక్కడ ఆగిపోతుంది. అలా లెక్కలేనన్ని రేణువులు పోగుపడితే... ఎర్ర గీత. హార్మోను లేకపోతే ఆగాల్సిన పని లేదు, ముందుకు వెళ్లిపోతాయి. వెళ్లి, చివర్లో ‘సి’ అన్న చోట చిక్కుకుంటాయి. పట్టీ సరిగ్గా పనిచేసిందని చెప్పే గీత అదే. అది రాకపోతే మొదటి గీత వచ్చినా రాకపోయినా ఆ పరీక్ష చెల్లదు. కొత్త పట్టీ తీసుకోవాల్సిందే. ఒకప్పుడు ఈ పరీక్ష కోసం ఆడకప్పకి మూత్రం ఎక్కించి, అది గుడ్లు పెడుతుందేమోనని ఎదురుచూసేవారు. 1960ల దాకా ఉందా పద్ధతి. కప్పల కష్టాలు అలా తీరాయన్నమాట.

చిన్నదవడం వల్ల మారేది రంగొక్కటే కాదు. ఒక సెంటీమీటరు ఘనం బంగారం తీసుకోండి. తులమున్నర పైనే తూగుతుంది. దాని పైభాగమంతా కలిపితే ఆరు చదరపు సెంటీమీటర్లు. అదే ముక్కని ఒక్కో నానోమీటరు ఘనాలుగా తరగగలిగితే? మొత్తం ఉపరితలం ఆరు వేల చదరపు మీటర్లు అవుతుంది. అంటే దాదాపు ఎకరన్నర! బంగారం అంతే, బరువు అంతే. కానీ బయటి ప్రపంచంతో తగిలే చోటు ఎకరాలకి పెరిగింది. రసాయన చర్యలన్నీ జరిగేది ఆ తగిలే చోటే. తుప్పు పట్టదు, దేనితోనూ కలవదు అని పేరుపడ్డ బంగారం కూడా నానో రూపంలో చురుకైపోతుంది. విషవాయువైన కార్బన్ మోనాక్సైడును సున్నా కన్నా బాగా తక్కువ చలిలో సైతం ఆక్సిజన్‌తో కలిపేయగలదని జపాన్ శాస్త్రవేత్త మసతాకే హరుతా బృందం 1987లో చూపించింది.

ఇక వైద్యానికి వస్తే, గర్భిణుల్లో రక్తం తక్కువగా ఉంటే సర్కారు దవాఖానాల్లోనూ ఎక్కించే ఐరన్ సుక్రోజ్ ఉంది కదా, అదీ నానో మందే. ఇనుమును నేరుగా రక్తంలోకి ఎక్కిస్తే విషమవుతుంది. అందుకే ఇనుప సమ్మేళనాన్ని అతిచిన్న ఉండలుగా చేసి చక్కెర తొడుగు వేస్తారు. ఆ ఉండ నుంచి ఇనుము నెమ్మదిగా, శరీరం తట్టుకునే మోతాదులో విడుదలవుతుంది. దశాబ్దాలుగా వాడుతున్నా దాన్ని నానో అని ఎవరూ పిలవలేదు.

అందరూ నానో అంటూ ఆశపడింది మాత్రం క్యాన్సర్ విషయంలోనే. క్యాన్సర్ మందులతో వచ్చిన చిక్కల్లా అవి మంచి కణాన్నీ చెడు కణాన్నీ ఒకే తీరున కాల్చేయడం. డాక్సోరూబిసిన్ అనే ఎర్ర మందు గుండెను దెబ్బతీస్తుంది. దాన్ని దాదాపు వంద నానోమీటర్ల కొవ్వు బుడగల్లో పెట్టి ఇచ్చే పద్ధతికి 1995లో అమెరికా అనుమతించింది. గుండెకి ముప్పు తగ్గింది. కానీ అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి పొక్కడం అనే కొత్త బాధ వచ్చిపడింది. ఇంకో మందు పాక్లిటాక్సెల్. అది నీళ్లలో కరగదు. ఆముదం నుంచి తీసిన ఒక ద్రావకంలో కరిగించి ఇవ్వాలి. మందు కన్నా ఆ ద్రావకానికే కొందరి ఒళ్లు ఎదురుతిరిగేది. అందుకని ముందే స్టెరాయిడ్లు ఇచ్చి, పక్కనే కనిపెట్టుకుని ఉండి ఎక్కించేవారు. 2005లో అమెరికాలో ఆ మందునే అల్బుమిన్ అనే రక్తంలోని ప్రొటీనుతో కలిపి 130 నానోమీటర్ల రేణువులుగా ఇవ్వడానికి అనుమతి వచ్చింది. ద్రావకం పీడ విరగడైంది.

క్యాన్సర్ గడ్డలోని రక్తనాళాలు చిల్లులు పడ్డ గొట్టాల్లా ఉంటాయి కాబట్టి నానో రేణువులు వాటంతటవే అక్కడ కారి పేరుకుంటాయని 1986లో జపాన్ పరిశోధకులు చెప్పారు. ఎంత అందమైన ఊహ! మందు నేరుగా శత్రువు ఇంటికే వెళుతుందన్నమాట. ముప్పై ఏళ్ల తర్వాత, 2016లో, టొరంటో విశ్వవిద్యాలయం వాళ్లు అప్పటికి పదేళ్లలో వచ్చిన జంతు ప్రయోగాల పత్రాలన్నీ ముందేసుకుని లెక్కగట్టారు. ఎక్కించిన రేణువుల్లో గడ్డదాకా చేరేది ఎంత? మధ్యస్థంగా 0.7 శాతం! నూటికి ఒకటి కూడా కాదు. మిగతాదాన్ని చాలావరకు కాలేయం, ప్లీహం పట్టేసుకుంటున్నాయి. రక్తంలో తిరిగే అపరిచిత రేణువుల్ని ఏరిపారేయడమే వాటి ఉద్యోగం మరి. ‘క్యాన్సర్‌కి నానో బాణం’ తరహా వార్తలు చదివి ఆశపడే కుటుంబాలకి ఈ అంకె కూడా తెలియాలి.

అయితే కథ అక్కడితో ఆగలేదు. ఎలాగూ కాలేయానికే పోతున్నాయి కదా, కాలేయం జబ్బుకే వాడితే పోలా అనుకున్నారు కొందరు. కాలేయంలో తయారయ్యే లోపభూయిష్టమైన ప్రొటీను వల్ల నరాలు దెబ్బతినే ఒక అరుదైన వంశపారంపర్య వ్యాధి ఉంది. దానికి కొవ్వు నానో రేణువుల్లో చుట్టిన ఆర్ఎన్ఏ మందును 2018లో అమెరికాలో ఆమోదించారు. రెండేళ్లు తిరిగేసరికి కరోనా విరుచుకుపడింది. ఎంఆర్ఎన్ఏ టీకా సిద్ధమైంది కానీ ఆ పదార్థం మహా సుకుమారి. ఒంట్లోకి వెళ్లిన నిమిషాల్లో ముక్కలైపోతుంది. దాన్ని కణం దాకా మోయడానికి ఈ కొవ్వు రేణువులే పల్లకీ అయ్యాయి. ఫైజర్, మోడెర్నా టీకాలు అవే. మన దగ్గర ఎక్కువమంది వేయించుకున్న కోవిషీల్డ్, కోవాగ్జిన్ ఆ రకం కావు.

బ్యాటరీల్లోనూ ఇదే కిటుకు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అనే పదార్థంతో బ్యాటరీ చేయొచ్చని 1997లో టెక్సాస్‌లో జాన్ గుడెనఫ్ బృందం ప్రకటించింది. ఆ బృందంలో ఉన్నవారు పాఢి, నంజుండస్వామి... పేర్లు వింటేనే తెలుస్తుంది మనవాళ్లని! చవక, నిప్పంటుకునే ప్రమాదం తక్కువ. కాకపోతే కరెంటు ప్రవహించడం మహా నిదానం. గింజలోపలి లిథియం బయటికి రావాలంటే పట్టే కాలం దూరానికి వర్గంగా పెరుగుతుంది. అంటే గింజను వందోవంతుకి కుదిస్తే పని పదివేల రెట్లు చురుకవుతుంది. అందుకే నానో గింజలుగా చేసి, పైన కార్బన్ పూత వేశారు. ఇవాళ బ్యాటరీ బస్సులు చాలావాటిలో తిరుగుతున్నది ఆ పదార్థమే.

పదార్థాల సంగతి చెప్పుకోవాలంటే నిజామాబాద్ జిల్లా కోనసముద్రం దాకా వెళ్లాలి. ఇనుమును మట్టి మూసల్లో పెట్టి, మూతి బిగించి, గంటల తరబడి కొలిమిలో కాల్చి అక్కడ ఉక్కు ముద్దలు తీసేవారు. వాటిని కొనడానికి పర్షియా నుంచి వర్తకులు వచ్చి మకాం వేసేవారు. హెన్రీ వోయ్సీ అనే ఆంగ్లేయుడు ఆ కొలుముల్ని స్వయంగా చూసి రాసిన వివరణ 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఇలాంటి దక్షిణాది ఉక్కుతోనే పేరుమోసిన డమాస్కస్ కత్తులు తయారయ్యేవి. ఇంగ్లిషులో ఈ ఉక్కును వూట్జ్ అంటారు. మన ‘ఉక్కు’ మాటే నోళ్లుమారి అలా అయిందంటారు. 2006లో జర్మనీలోని డ్రెస్డెన్ శాస్త్రవేత్తలు పదిహేడో శతాబ్దపు డమాస్కస్ కత్తి ముక్కని శక్తిమంతమైన మైక్రోస్కోపు కింద పెడితే కార్బన్ నానోగొట్టాలు కనిపించాయి. మూస మూతి ఎప్పుడు తీయాలో తెలిసిన కమ్మరికి నానో అన్న మాటతో పని లేదు.

వెండిది వేరే కథ. బ్యాక్టీరియాకి వెండి గిట్టదు. నానో వెండి పూసిన పింగాణీ క్యాండిల్‌ను నీటి ఫిల్టర్ల కోసం హైదరాబాద్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థ రూపొందించింది. నీళ్లలో పురుగుమందుల్ని నానో వెండితో విరగ్గొట్టే పద్ధతిని మద్రాస్ ఐఐటీలో ప్రదీప్ బృందం కనిపెడితే, 2007లో అది ఫిల్టరుగా మార్కెట్లోకొచ్చింది. 2009లో టాటాలు వరి ఊక బూడిదకి నానో వెండి పట్టించి వెయ్యి రూపాయల లోపే ఫిల్టరు తెచ్చారు. కరెంటు అక్కర్లేదు. ఇలాంటి వాడకానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు. అదే వెండిని వాసన రాకుండా సాక్సులకీ పట్టిస్తే? 2008లో అరిజోనాలో అలాంటి సాక్సుల్ని ఉతికి చూశారు. కొన్ని రకాల్లోంచి వెండి నీళ్లలోకి కొట్టుకుపోయింది. ఆ నీళ్లు చేరేది మురుగు శుద్ధి కేంద్రానికి. అక్కడ మురుగును తినిపెట్టే మంచి బ్యాక్టీరియాకి కూడా వెండి గిట్టదు!

డబ్బా మీద నానో అని ఉంటే చాలు, లెక్క అడగడం మానేస్తాం. అడగాల్సిన లెక్క ఒకటుంది. 2021లో వచ్చిన నానో యూరియా అరలీటరు సీసా, 45 కిలోల యూరియా బస్తాకి సమానమని చెప్పారు. బస్తాలో నత్రజని 46 శాతం... అంటే ఇరవై కిలోలకి పైనే. సీసాలో 4 శాతం... అంటే ఇరవై గ్రాములు. వెయ్యి రెట్ల తేడా! ఆకుల మీద చల్లితే వృథా లేకుండా నేరుగా లోపలికి వెళుతుందన్నది తయారీదారుల వాదన. వృథా తగ్గుతుందంటే నమ్మొచ్చు. ఒక్క గ్రాము వెయ్యి గ్రాముల పని చేస్తుందంటే పొలంలో చూపించాలి. పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు నత్రజనిని సగానికి కోసి ఆ లోటు నానో యూరియాతో భర్తీ చేసి చూస్తే, వరిలోనూ గోధుమలోనూ దిగుబడి తగ్గింది.

పైగా బస్తా కావాలంటే సీసా కూడా కొనాల్సిందేనని దుకాణాల్లో బలవంతం చేస్తున్నారని రైతుల ఫిర్యాదు. ఇలా అంటగట్టడం ఆపించాలని 2025 జులైలో కేంద్ర వ్యవసాయ మంత్రి స్వయంగా ముఖ్యమంత్రులకు లేఖ రాయాల్సి వచ్చింది.