చిట్టి దొంగకు జబ్బు చేస్తే...

జత మేజోళ్లలో ఒకటే మిగులుతోందా? కారు తాళాలు సోఫా అడుగున దొరుకుతున్నాయా? అయితే ఆ ఇంట్లో ఫెర్రెట్ ఉన్నట్టే! 'చిన్న దొంగ' అనే అర్థమొచ్చే లాటిన్ మాట నుంచే దానికా పేరు వచ్చింది. చూడ్డానికి మన ముంగిసలా ఉంటుంది కానీ రెంటికీ దగ్గరి చుట్టరికం లేదు. మింక్, వీజిల్, మన నదుల్లో ఈదే నీటికుక్క... వీటి వంశం దానిది. కుందేళ్లను బొరియల్లోంచి తరమడానికి యూరప్‌లో వందల ఏళ్లుగా పెంచుతూ వచ్చారు. వేట పోయి ముద్దు మిగిలింది. రోజుకి పద్నాలుగు గంటలకు పైగా నిద్రపోవడం, లేచిన కాసేపూ పక్కకు పక్కకు గెంతుతూ ఇల్లు పీకి పందిరేయడం. ఇదీ దాని దినచర్య.

అమెరికాలో అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు, కుక్కని రోజూ నడిపించే తీరిక లేనివాళ్లు దీన్ని తెచ్చుకుంటారు. అక్కడ స్థిరపడ్డ మనవాళ్ల ఇళ్లలోనూ అక్కడక్కడా కనిపిస్తుంది. డాలస్ నుంచి ఓ పాఠకురాలు రాసిన ఉత్తరమే ఈ వారం ఈ సంగతులు చెప్పడానికి కారణం. కాలేజీలో చదువుతున్న కూతురు ముచ్చటపడి తెచ్చుకున్న ఫెర్రెట్టట. అమ్మాయి హాస్టల్‌కి వెళ్లిపోయింది, అది అమ్మ చేతికొచ్చింది. ఇప్పుడు దానికి అయిదేళ్లు. 'మెట్టు ఎక్కలేకపోతోంది, గోడకేసి చూస్తూ నిలబడిపోతోంది, ముసలితనమేమో అనుకున్నాం. డాక్టరు ఇంకేదో అన్నారు' అని రాశారావిడ.

ఆ 'ఇంకేదో' పేరు ఇన్సులినోమా. నాలుగేళ్లు దాటిన ఫెర్రెట్లలో తరచుగా కనిపించే జబ్బు. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలు కంతులుగా పెరుగుతాయి. అవసరం ఉన్నా లేకపోయినా ఇన్సులిన్ వదులుతూనే ఉంటాయి. దాంతో రక్తంలో చక్కెర పడిపోతుంది. మన ఇళ్లలో షుగర్ జబ్బంటే చక్కెర పెరగడమేగా, ఇది దానికి సరిగ్గా తిరగేసిన కథ. మెదడుకి చక్కెర అందకపోతే ఏమవుతుంది? వెనక కాళ్లు పట్టుతప్పుతాయి. చొంగ కారుతుంది. నోట్లో ఏదో ఇరుక్కున్నట్టు ముందు కాళ్లతో మూతిని గోక్కుంటుంది. ఎటో చూస్తూ ఉండిపోతుంది. ముదిరితే ఫిట్స్. వీటిలో మొదటివి వచ్చి పోతుంటాయి. కాస్త తిని పడుకోగానే మామూలైపోతుంది కాబట్టి ఇంట్లోవాళ్లు పట్టించుకోరు.

మూడు నాలుగు గంటలు తిండి పెట్టకుండా ఉంచి రక్తపరీక్ష చేస్తారు. చక్కెర 60 మిల్లీగ్రాముల కంటే తక్కువుంటే అనుమానం బలపడుతుంది. మనకైతే రాత్రంతా పస్తుండి పొద్దున్నే పరీక్ష. ఫెర్రెట్‌ని అలా ఉంచితే ప్రాణానికే ముప్పు. దాని పేగు చాలా పొట్టిది, తిన్నది మూడు నాలుగు గంటల్లోనే బయటికొచ్చేస్తుంది. అందుకే ఈ జబ్బున్నదానికి నాలుగైదు గంటలకోసారి, రాత్రిపూట కూడా తిండి అందుబాటులో ఉండాల్సిందే.

ఏం పెట్టాలి? ఇక్కడే మనవాళ్లు పొరపడే అవకాశం ఎక్కువ. తాతగారికి షుగర్ పడిపోతే జేబులోంచి చాక్లెట్ తీసి నోట్లో పెడతాం. ఆ అలవాటుతో ఫెర్రెట్‌కి ఎండుద్రాక్షో లడ్డూ ముక్కో అరటిపండో పెడితే కంతి మరింత రెచ్చిపోతుంది. తీపి తగలగానే బోలెడు ఇన్సులిన్ వదులుతుంది, గంట తిరిగేసరికి చక్కెర మునుపటికంటే కిందికి జారుతుంది. ఫెర్రెట్ పూర్తిగా మాంసాహారి. దానికి మాంసకృత్తులు, కొవ్వే తిండి. అన్నం, బిస్కెట్లు, పళ్లు దాని ఒంటికి పడవు. శాకాహారుల ఇల్లయితే ఇది ఇబ్బందే. కానీ చికెన్ లేకుండా దీన్ని బతికించే దారి లేదు. వండటం ఇష్టంలేనివాళ్లు పసిపిల్లల కోసం అమ్మే చికెన్ గుజ్జు సీసాలు కొనుక్కోవచ్చు. ఉల్లి, వెల్లుల్లి కలవనివి చూసుకోవాలి.

తీపి వాడాల్సిన సందర్భం ఒక్కటే. ఫిట్స్ వచ్చినప్పుడో, స్పృహ తప్పినట్టు పడిపోయినప్పుడో కాస్త తేనెగానీ మొక్కజొన్న సిరప్‌గానీ దూదిపుల్లతో చిగుళ్లకు రాయాలి. వేలు పెట్టొద్దు, తెలియకుండానే కొరికేస్తుంది. నోట్లో పోయనూ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తేరుకున్నాక వెంటనే మాంసపు తిండి పెట్టి డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

రోజువారీ మందు ప్రెడ్నిసొలోన్. ఇది స్టెరాయిడ్, కాలేయం చేత చక్కెర తయారుచేయిస్తుంది. చాలదనుకుంటే ఇన్సులిన్ విడుదలను అడ్డుకునే డయాజాక్సైడ్ జతచేస్తారు. కంతి మాత్రం పెరుగుతూనే ఉంటుంది కాబట్టి నెలలు గడిచేకొద్దీ మోతాదు పెంచుకుంటూ పోవాలి. రెండ్రోజులు హుషారుగా ఉందని మందు ఒక్కసారిగా ఆపేయడం ప్రమాదం. ఆపరేషన్ చేసి కంతులు తీసేస్తే కొంతకాలం మందు అవసరమే ఉండకపోవచ్చు. కానీ చాలావాటిలో జబ్బు తిరగబెడుతుంది.

మరి ఆపరేషనా, మందులా? ఉత్తరంలో అసలు ప్రశ్న ఇదే. నన్నడిగితే వయసూ గుండే చూసి తేల్చుకోవాలంటాను. నాలుగేళ్లది, మిగతా ఆరోగ్యం బాగున్నది అయితే ఆపరేషన్‌తో మంచి రోజులు ఎక్కువ దక్కుతాయి. ఆరేడేళ్లది, గుండెజబ్బు కూడా ఉన్నదైతే కత్తి కంటే మందే నయం. ఫెర్రెట్ ఆయుష్షే ఆరు నుంచి ఎనిమిదేళ్లు. ఖర్చు సంగతి దాచి లాభం లేదు. అమెరికాలో ఇలాంటి ఆపరేషన్‌కి బిల్లు వేల డాలర్లలో ఉంటుంది. అంత పెట్టలేక మందులతో నెట్టుకొచ్చేవాళ్లు దాన్ని ప్రేమించనట్టేం కాదు.

బట్టతల వెనక కథ

ఫెర్రెట్లను పీడించే మరో జబ్బు మూత్రపిండాల పక్కనుండే అడ్రినల్ గ్రంథులది. తోక మీద బొచ్చు రాలడంతో మొదలవుతుంది. తర్వాత నడుము, వీపు. చివరికి తల మీద తప్ప ఒళ్లంతా నున్నగా తయారవుతుంది. ఆడదానికి జననాంగం వాస్తుంది. మగదానికి ప్రొస్టేట్ పరిసరాలు వాచి మూత్రం బిగుసుకుపోతుంది. మూత్రం కోసం ముక్కుతూ చుక్క కూడా రాకపోతే పొద్దున చూద్దాంలే అనుకోకూడదు, ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఈ జబ్బెందుకొస్తుందన్నది వింటే బాధేస్తుంది. అమెరికాలో దుకాణాలకు పిల్లల్ని సరఫరా చేసే పెద్ద పెంపక కేంద్రాల్లో అవి నెలా నెలన్నర వయసులో ఉండగానే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసేస్తారు. బీజకోశాలు లేవు కాబట్టి 'చాలు, ఆపు' అని మెదడుకి చెప్పే హార్మోన్లూ ఉండవు. మెదడు ఆజ్ఞలు పంపుతూనే ఉంటుంది. వినేవాళ్లు లేక ఆ ఆజ్ఞలన్నీ అడ్రినల్ గ్రంథి మీద పడతాయి. ఏళ్ల తరబడి ఆ ఒత్తిడికి అది ఉబ్బి, సెక్స్ హార్మోన్లు తయారుచేయడం మొదలెడుతుంది. ఆపరేషన్ జరిగిన వయసుకీ జబ్బు బయటపడే వయసుకీ లంకె ఉందని నెదర్లాండ్స్ పరిశోధకులు 2000లో చూపించారు.

పోనీ ఆపరేషన్ మానేద్దామా అంటే ఆడ ఫెర్రెట్ విషయంలో అదీ కుదరదు. ఎదకొచ్చాక మగదానితో కలిస్తే తప్ప ఆ స్థితి దిగదు. వారాల తరబడి ఒంట్లో పేరుకునే ఈస్ట్రోజెన్ ఎముక మజ్జను దెబ్బతీసి, రక్తహీనతతో చంపేస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఇదే కదూ!

ఇప్పుడు దీనికో దారి దొరికింది. డెస్లోరెలిన్ అనే మందును బియ్యపుగింజంత బిళ్లగా భుజాల మధ్య చర్మం కిందికి ఎక్కిస్తారు. మెదడు ఆజ్ఞలను అది అణిచిపెడుతుంది. దాదాపు ఏడాది, ఒక్కోదానికి అంతకంటే ఎక్కువే పనిచేస్తుంది. కొన్ని వారాల్లో వాపు తగ్గుతుంది, నెలల్లో బొచ్చు తిరిగొస్తుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2012లో దీన్ని ఫెర్రెట్లకు వాడేందుకు వీలు కల్పించింది. కంతిని తీసేయడానికి ఆపరేషన్ కూడా ఉంది. ఎడమ గ్రంథి సులువు. కుడిది పెద్ద సిరను అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి చెయ్యి తిరిగిన సర్జన్‌కి కూడా కష్టమే. రెండు జబ్బులూ ఒకేదానికి రావడం కూడా అరుదేం కాదు.

వంటింటి త్రాసు, పల్చటి జావ

ఆసుపత్రిలో గడిచేది ఓ గంట. మిగతాదంతా ఇంట్లోనే. వారానికోసారి వంటింటి త్రాసు మీద తూచి కాగితం మీద రాసుకోండి. చలికాలంలో లావెక్కడం, వసంతంలో తగ్గడం ఫెర్రెట్లకు సహజం. ఆ లెక్క ముందునుంచీ ఉంటేనే జబ్బు వల్ల తగ్గిందేదో తెలుస్తుంది. మూడేళ్లు దాటాక ఏడాదికి రెండుసార్లు రక్తపరీక్ష చేయించడం మంచిది.

అంతస్తుల బోను ఉంటే పై అంతస్తులు మూసేయండి. కాళ్లు పట్టుతప్పినది పైనుంచి పడుతుంది. మలమూత్రాల ట్రే అంచు ఒకవైపు కోసి తగ్గిస్తే కాలెత్తే బాధ తప్పుతుంది. గది చల్లగా ఉండాలి, 27 డిగ్రీలు దాటితే ఫెర్రెట్ తట్టుకోలేదు. తిననని మొండికేస్తే మాంసం గుజ్జును గోరువెచ్చటి నీళ్లతో పల్చగా కలిపి సూది లేని సిరంజితో కొంచెం కొంచెం నాకించాలి. ఈ జావని అక్కడివాళ్లు 'డక్ సూప్' అంటారు. అందులో బాతూ ఉండదు, అది సూపూ కాదు! పిల్లగా ఉన్నప్పుడు రుచి చూడని తిండిని పెద్దయ్యాక ముట్టదు కాబట్టి జబ్బు రాకముందే ఈ జావ అలవాటు చేస్తే మంచిది.

మన మందుల డబ్బా దాని జోలికి వెళ్లకూడదు. పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ ప్రాణం తీస్తాయి. ఇంట్లో ఎవరికైనా ఫ్లూ వస్తే మాస్కు కట్టుకోండి, వీలైతే సేవ మరొకరికి అప్పగించండి. మన ఫ్లూ దానికి ఇట్టే అంటుకుంటుంది, దానిది మనకీ అంటుకుంటుంది. 1933లో లండన్ పరిశోధకులు మనుషుల ఫ్లూ వైరస్‌ని పట్టుకున్నది ఫెర్రెట్లలోనే. ఆ ప్రయోగాల్లో ఓ ఫెర్రెట్ మొహమ్మీద తుమ్మితే విల్సన్ స్మిత్ అనే శాస్త్రవేత్తకి ఫ్లూ వచ్చింది. ఆయన నుంచి తీసిన వైరస్ రకానికి ఆయన పేరులోని అక్షరాలతో డబ్ల్యూఎస్ అనే పేరే స్థిరపడింది.

ఉద్యోగాలు మారేవాళ్లు మరొకటి గుర్తుంచుకోవాలి. కాలిఫోర్నియా, హవాయి రాష్ట్రాల్లో ఫెర్రెట్ పెంపకం నిషిద్ధం. టెక్సస్ నుంచి శాన్ హోసే వెళ్తే దాన్ని వెంట తీసుకెళ్లడం కుదరదు. జబ్బుదాన్ని కొత్తవాళ్ల చేతిలో పెట్టడం మాటలు కాదు, ఆఫర్ లెటర్ మీద సంతకం చేసేముందే ఆలోచించుకోవాలి. అన్నట్టు, ఇదంతా చదివి ఇక్కడ ముంగిసను పెంచుకుందామని ఎవరికైనా అనిపిస్తే... మన వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం.

ఉత్తరం చివర్లో ఆవిడ ఇంకోమాట రాశారు. 'నొప్పి లేకుండా నిద్రపుచ్చొచ్చు అంటున్నారు డాక్టరు. మావారు పాపం అంటున్నారు. ఏం చేయాలి?' ఇది పాపమా పుణ్యమా తేల్చడం నావల్ల కాదు. చూడాల్సినవి మాత్రం చెప్పగలను. తనంతట తాను తింటోందా? లేచి ట్రే దాకా వెళ్తోందా? మిమ్మల్ని చూస్తే తల ఎత్తుతోందా? మంచిరోజు, చెడ్డరోజు అని క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. చెడ్డవే వరసగా వస్తుంటే, మందు మోతాదు పెంచినా ఫిట్స్ ఆగకపోతే, డాక్టరు చెప్పింది వినడమే దయ అని నా అభిప్రాయం. హాస్టల్లో ఉన్న అమ్మాయికి మాత్రం ముందే చెప్పండి. పరీక్షలున్నాయని దాచి, అయిపోయాక చెబితే ఆ పిల్ల మర్చిపోదు.

ఇంట్లో రెండో ఫెర్రెట్ ఉంటే, చనిపోయిన తోడుని దానికి ఒకసారి చూపించాలంటారు పెంచేవాళ్లు. వాసన చూసి, చుట్టూ తిరిగి, వెళ్లిపోతుందట. ఆ తర్వాత కొన్నాళ్లు అది దిగులుతో తిండి మానేయవచ్చు. త్రాసు అప్పుడే అటకెక్కించకండి.