జానెడు తేడా

ఉత్పలమాలలో మొదటి గురువును రెండు లఘువులుగా విడగొడితే చంపకమాల అవుతుంది. ఇరవై అక్షరాల పాదం ఇరవైయొకటి అవుతుంది, యతి పదో అక్షరం నుంచి పదకొండో అక్షరానికి జరుగుతుంది. ఈ ముక్క ఏటా క్లాసులో చెబుతూనే వుంటాను. కిందటి నెలలో నా పాత విద్యార్థిని ఒకమ్మాయి మా ఇంటికి వచ్చి, నాలుగు పెళ్ళిగౌన్ల ఫోటోలు నా ముందు పరచి, "వీటిల్లో ఏది తీసుకోమంటారు మేడమ్?" అన్నప్పుడు నాకు చప్పున తట్టింది ఆ పాఠమే. నాలుగూ తెల్లవే, నాలుగూ ఒంటికి అంటిపెట్టుకున్నవే. పేర్లు మాత్రం నాలుగు.

తేడా అంతా గౌను ఎక్కడ విచ్చుకుంటుందన్న దానిలో వుంది. తుంటి దిగగానే విచ్చుకుంటే ఫిట్ అండ్ ఫ్లేర్. తొడ సగంలో విచ్చుకుంటే ట్రంపెట్. మోకాలి దాకా బిగుతుగా వచ్చి అక్కడ చేపతోకలా విచ్చుకుంటే మన దర్జీలు ఫిష్ కట్ అంటారు. ఇంగ్లీషువాళ్ళు దానికి మత్స్యకన్య పేరు పెట్టారు. ఎక్కడా విచ్చుకోకుండా తిన్నగా జారితే షీత్, అంటే కత్తికి ఒర వంటిదన్నమాట. ట్రంపెట్‌కూ ఫిష్ కట్‌కూ నడుమ మహా వుంటే జానెడు. దుకాణాలవాళ్ళే ఒకదాని పేరు మరొకదానికి తగిలించి అమ్ముతుంటారు. అంచేత పేరు అడిగి లాభం లేదు, ఎక్కడ విచ్చుకుంటుందో వేలు పెట్టి చూపించమనాలి.

అమ్మాయి వాళ్ళది గుడివాడ దగ్గర పల్లె, క్రైస్తవ కుటుంబం. పెళ్ళి బెజవాడ చర్చిలో, ఈస్టరు వెళ్ళిన తరువాత. మన ఎండల సంగతి వేరే చెప్పాలా! తల్లికి తెల్ల పట్టుచీరా, మేలిముసుగూ వుంటే చాలునని వుంది. ఆ తెలుపైనా సీమలో అనాదిగా వస్తున్న ఆచారమేమీ కాదు. 1840లో విక్టోరియా రాణి పెళ్ళికి తెల్లగౌను వేసుకున్న తరువాతనే అది ఫ్యాషనుగా పాకింది. ఆ మరుసటి ఏడే, 1841లో, సి.ఎం.ఎస్. మిషనరీలు మన బందరులో దిగారు. అమ్మాయి నాయనమ్మ చెప్పింది: వాళ్ళ పేటలో ఒకే తెల్లచీరను అయిదుగురు పెళ్ళికూతుళ్ళు వరసగా కట్టుకున్నారట. పొట్టి, పొడుగు, లావు, సన్నం, అందరికీ సరిపోయిందట. "ఉతకటానికే ఎక్కువ ఖర్చయిందమ్మా" అని నవ్వింది ముసలావిడ.

అయినా అమ్మాయి గౌను కావాలనుకోవటంలో తప్పేముంది? రిసెప్షన్లలో మన హిందువుల ఆడపిల్లలు సైతం ఫిష్ కట్ లెహంగాలు వేస్తూనే వున్నారు గదా. నాకు కష్టం తోచినది మరొక సంగతి. దుకాణంలో ఒకావిడ ఈ పిల్లను ఎగాదిగా చూసి, "పెళ్ళినాటికి నడుము రెండంగుళాలు తగ్గితే దివ్యంగా వుంటుంది" అన్నదట. ఆనాటి నుంచి పిల్ల రాత్రి భోజనం మానేసింది. ఈ మాట పిల్ల చెప్పలేదు, తల్లి చెప్పింది. నాకు ఒళ్ళు మండింది. గౌను కుట్టేది పిల్లకా, పిల్లను కుట్టేది గౌనుకా?

ఈ ఆకారాలను సిల్హౌట్లంటారు. 1759లో ఫ్రాన్సుకు కొద్ది నెలలపాటు ఆర్థిక మంత్రిగా వున్న ఒకాయన పేరది. ఆయన పొదుపును వెక్కిరిస్తూ చవకరకం నీడబొమ్మలకు ఆ పేరు పెట్టారని చెబుతారు. నీడబొమ్మకేం, కూర్చోనక్కరలేదు, మోకరించనక్కరలేదు. పెళ్ళికూతురికి రెండూ తప్పవు. అందుకని మళ్ళీ దుకాణానికి వెళ్ళి, పెళ్ళినాడు వేసుకోబోయే మడమ జోళ్ళతోనే ఫిష్ కట్ వేసుకుని చూడమన్నాను. నేనూ వెంట వెళ్ళాను. నిలబడితే బొమ్మలా వుంది, నిజం చెప్పొద్దూ! రెండు మెట్లెక్కమంటే పక్కకు తిరిగి ఎక్కింది. మోకరించమంటే తల్లి భుజం పట్టుకుంది. లేవటానికి ఇద్దరం కావలసి వచ్చాం.

లోపం పిల్లలో లేదు. అయిదడుగుల ఒక అంగుళం పిల్ల. ఆ రెడీమేడ్ గౌను మరింత పొడుగు మనిషి కొలతకు కోసినది. గౌను మోకాలు వచ్చి పిల్ల పిక్క మీద పడింది. కింద కత్తిరించి పొట్టి చేస్తామన్నారు దుకాణంవాళ్ళు. అట్లా చేస్తే పోయేది చేపతోకే గాని, పైన బిగుతు పోదు. ఫిష్ కట్ కావాలనే పొట్టి పిల్లలు తమ మోకాలు కొలిపించి కుట్టించుకోవాలి, లేదా జోలికి పోకూడదు. ట్రంపెట్ వేయించి చూశాం. ఆ జానెడు బట్ట మోకాళ్ళకు చోటిచ్చింది. మోకరించింది, తనంతట తానే లేచింది.

వన్‌టౌనులో ఒక పెద్ద దర్జీ వున్నాడు. బట్టను ఏటవాలుగా కోస్తే అది సాగి ఒంటిమీద ఒదుగుతుందని ఆయన చూపించాడు. మన క్రాస్ కట్ జాకెట్టు సూత్రమే. 1920 తరువాతి సంవత్సరాల్లో పారిస్‌లో మదలీన్ వియొనే అనే ఆవిడ నిలువెల్లా ఆ కోతతో గౌన్లు చేసి పేరు తెచ్చుకుంది. లైనింగు నూలుదే వెయ్యమన్నాను. ఆ ఎండల్లో పాలియెస్టరు ఆవిరికుండే. రెండు పక్కలా లోపల ఒకటిన్నర అంగుళం బట్ట వదలమని కూడా చెప్పాను. "పెళ్ళికూతురు తగ్గుతుందని అందరూ చెబుతారు, వదలమని మీరే చెప్పారు" అన్నాడాయన. తల్లికి మేలిముసుగు దక్కింది, మోచేతుల దాకా చేతులూ దక్కాయి.

మూడో ట్రయలు వచ్చే శనివారం, మధ్యాహ్నం భోజనం చేసిన తరువాత. భోజనం మా ఇంట్లోనే. దర్జీకి ఫోను చేసి, కూర్చుని చూడటానికి చేతులు లేని కుర్చీ ఒకటి తెప్పించి వుంచమన్నాను.