సేవ అని పొగిడి కూలి ఎగ్గొట్టే లోకంలో ఒక నర్సు

నర్సును పొగడటం మన దేశంలో చాలా సులువైన పని. మే 12 వస్తే నర్సుల దినం. ఒక దండ, ఒక శాలువా, ‘మీరు తెల్లచీర కట్టిన దేవతలు’ అని ఒక ఉపన్యాసం. అంతటితో సరి. ఆమె జీతం ఎంత, అది నెలనెలా చేతికొస్తోందా, రాత్రి డ్యూటీ దిగి ఇంటికి ఎట్లా పోతోంది, ఈ మాటలు మైకు ముందు ఎవరూ ఎత్తరు. పాట పాడే ఆడమనిషి సంగతీ ఇంతే. ‘గొంతు దేవుడిచ్చిన వరం’ అంటారు. వరానికి కూలేమిటని రాత్రంతా పాడించుకుని, ఇంత అన్నం పెట్టి పంపేస్తారు.

రోగిని కడిగే చేతికి త్యాగం అని పేరు. పాడే గొంతుకి వరం అని పేరు. రెండు పేర్లూ వినడానికి గొప్పగానే ఉంటాయి. ఆ రెండు పేర్ల కిందా నడిచేది మాత్రం ఒకటే లెక్క, కూలి ఎగ్గొట్టే లెక్క.

ఈ రెండు పనులూ ఒక్క బతుకులో చేసి, రెండింటికీ కూలి అడిగిన ఒక మనిషి గురించి మన పాఠకులకు చెప్పాలనిపించింది. ఆమె పేరు ఆల్బర్టా హంటర్. అమెరికాలో నల్లజాతి బిడ్డ.

‘అమెరికా సంగతి మన పల్లెకెందుకు మాస్టారూ?’ అని అడిగేవాళ్లుంటారు. 1946లో బాబాసాహెబ్ అంబేద్కర్ నల్లజాతి మేధావి డుబాయిస్‌కి ఉత్తరం రాశారు. మీ జాతి బతుకుకీ మా అంటరానివాళ్ల బతుకుకీ చాలా పోలిక ఉందన్నారు. నల్లజాతివాళ్లు ఐక్యరాజ్యసమితికి పెట్టుకున్న అర్జీ నకలు కావాలని అడిగారు. 1972లో బొంబాయిలో మన కుర్రాళ్లు దళిత పాంథర్స్ పెట్టినప్పుడు ఆ పేరు కూడా అక్కడి బ్లాక్ పాంథర్స్‌ని చూసి పెట్టుకున్నదే. అంటే ఆ ఇంటికీ మన ఇంటికీ ఏనాటి నుంచో రాకపోకలున్నాయి. కాకపోతే ఆ రాకపోకల్లో మనకు తెలిసినవాళ్లంతా పెద్ద నాయకులు. పాచిపని చేసినవాళ్లు, పాట పాడినవాళ్లు, రోగుల మలమూత్రాలు ఎత్తినవాళ్లు మనదాకా రాలేదు. ఆల్బర్టా వాళ్లలో ఒకతె.

ఆమె 1895లో మెంఫిస్ అనే ఊళ్లో పుట్టింది. మరుసటి ఏడే, 1896లో, ఆ దేశపు సుప్రీంకోర్టు నల్లవాళ్లను వేరే పెట్టెలో కూర్చోబెట్టడం చట్టబద్ధమే అని తీర్పు చెప్పింది. పుట్టిన పిల్లకి ఏడాది నిండేసరికి ఆమె కూర్చునే చోటు కోర్టు తేల్చేసిందన్నమాట! మనకైతే ఆ పని మనువు ముందే చేసిపెట్టాడు. తండ్రి రైలు పెట్టెల్లో కూలి, ఇల్లు వదిలి పోయాడు. తల్లి ఇంకొకరి కొంపలో పాచిపని చేసి పిల్లల్ని సాకింది.

షికాగో నగరంలో పాటగత్తెలకు వారానికి పది డాలర్లు ఇస్తారని విని, ఆ పిల్ల చిన్న వయసులోనే ఇల్లు విడిచి ఆ ఊరు చేరింది. ముందు దొరికింది పాట కాదు, పని. ఒక పూటకూళ్ల ఇంట్లో తిండీ పడకా ఇచ్చి వారానికి ఆరు డాలర్లు. పగలు ఆ చాకిరీ, రాత్రి పాటల కొట్ల చుట్టూ తిరుగుడు. పాడనిస్తారా, పాడనిస్తారా అని. చివరికి పాడనిచ్చారు. ఆమె పాడింది బ్లూస్.

బ్లూస్ అంటే ఏదో క్లబ్బు సంగీతం అనుకోకండి. పత్తి చేలల్లో, రోడ్డు పనుల్లో నల్లకూలీలు తీసిన రాగాల నుంచి పుట్టిన పాట అది. మన ఆడవాళ్లు నాట్లేస్తూ, కలుపు తీస్తూ, పల్నాడు చేలల్లో పత్తి ఏరుతూ పాడుకునే పాటకి అది చుట్టం. నడుము నొప్పిని గొంతులోకి మళ్లించే విద్య. ఆ విద్య రాయడం చదవడం రాని తల్లుల దగ్గర నేర్చినది. తర్వాత కంపెనీలు దాన్ని కోట్లకు అమ్ముకున్నాయి.

ఆ అమ్మకం ఎట్లా జరిగిందో వినండి. ‘డౌన్‌హార్టెడ్ బ్లూస్’ అనే పాటకి మాటలు ఆల్బర్టావి, బాణీ లవీ ఆస్టిన్ అనే ఇంకో నల్లజాతి ఆడమనిషిది. 1922లో ఆల్బర్టా దాన్ని రికార్డు చేసింది. 1923లో అదే పాట బెస్సీ స్మిత్ పాడితే రికార్డులు లక్షల్లో అమ్ముడుపోయాయి. రాసిన ఆల్బర్టా చేతికొచ్చింది 368 డాలర్లు అని ఆమె జీవితం రాసినవాళ్లు లెక్క తేల్చారు. మధ్యలో నిలబడి, చెప్పకుండా హక్కులు ఇంకో కంపెనీకి అమ్ముకున్న మనిషి ఎవరు? తెల్లదొర కాదు, సాటి నల్లవాడే. అన్నలూ, ఈ ముక్క దాటేసి పోవద్దు. పైవాడి దోపిడీ గురించి మనం బాగా మాట్లాడతాం. మనలోంచే పైకెక్కి మన గొంతునే అమ్ముకునే దళారి గురించి మాట్లాడేటప్పుడే నోరు పెగలదు.

అయినా ఆమె ఆగలేదు. యూరప్ పోయింది. 1928లో లండన్‌లో ‘షో బోట్’ అనే నాటకంలో పాల్ రోబ్సన్‌తో కలిసి ఆడింది, పాడింది. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుల కోసం దేశదేశాలు తిరిగి పాడింది. మన వైపున్న చైనా-బర్మా-ఇండియా యుద్ధరంగానికీ ఆమె బృందం వచ్చింది.

1950లలో తల్లి చనిపోయింది. తల్లే ఆమె జట్టు, ఆమె ఇల్లు. ఇక పాట మీద మనసు పోలేదు. అప్పటికి ఆమెకు అరవై దగ్గర పడుతోంది. ఆ వయసులో మన వాళ్లయితే మనవల్ని ఆడిస్తూ అరుగు మీద కూర్చుంటారు. ఈమె నర్సు శిక్షణకి దరఖాస్తు పెట్టింది. అరవై ఏళ్ల మనిషిని ఏ నర్సు బడి చేర్చుకుంటుంది? వయసులో పన్నెండేళ్లు తగ్గించి రాసింది. హైస్కూలు చదివానని కూడా రాసింది. చేర్చుకున్నారు. నేర్చుకుంది. లైసెన్సు తెచ్చుకుంది.

దీన్ని మోసం అనే పెద్దమనుషులుంటారు. వాళ్లకొక మాట. మన పల్లెల్లో పాతతరం వాళ్ల పుట్టిన తేదీలు చూడండి, సగం మందివి జూన్ 1, జూలై 1. బళ్లో వేసే రోజున పంతులుకి తోచిన తేదీ. ఆ కాగితం మన చేతిలో లేదు. ఆ చదువు మనకు అందనివ్వలేదు. బడి తలుపు మూసినవాడే ‘సర్టిఫికెట్ ఏదీ?’ అని అడుగుతాడు. ఆల్బర్టా కాగితం మీద వయసు తగ్గించుకుంది గానీ పని తగ్గించుకోలేదు. రోగి పక్కన నిలబడటానికి కావలసిన శిక్షణ నిజంగా తీసుకుంది, పరీక్ష నిజంగా పాసయింది.

న్యూయార్క్‌లో నది మధ్య దీవిలో గోల్డ్‌వాటర్ ఆసుపత్రి. తీరని జబ్బులతో నెలలూ ఏళ్లూ మంచం పట్టినవాళ్లుండే చోటు. అక్కడ ఇరవై ఏళ్లు పనిచేసింది. పక్కలు మార్చింది, పుండ్లు కడిగింది, మందులిచ్చింది. ఒకప్పుడు లండన్ వేదిక మీద పాడిన మనిషి తమతోపాటు వార్డులో ఉందని తోటి నర్సుల్లో చాలామందికి తెలియనే తెలియదు. 1961లో మాత్రం పాట మీద ప్రేమ ఉన్నవాళ్లు వెతుక్కుంటూ వస్తే పాడి రికార్డు చేసి, మళ్లీ డ్యూటీకి పోయింది.

1977లో ‘నీకు డెబ్బై నిండాయి, ఇక చాలు’ అని రిటైర్ చేశారు. అప్పటికి ఆమెకు నిజంగా 82! ఇంకా పనిచేయగలనని ఆమెకు తెలుసు. ఇంట్లో కూర్చోలేదు. అదే ఏడాది అక్టోబర్‌లో న్యూయార్క్‌లోనే ‘కుకరీ’ అనే చోట మళ్లీ పాట మొదలుపెట్టింది. ఆ చోటు నడిపిన బార్నీ జోసెఫ్‌సన్ 1938లోనే నల్లవాళ్లూ తెల్లవాళ్లూ పక్కపక్కన కూర్చునే పాటల కొట్టు పెట్టినవాడు. రెండు గ్లాసుల హోటళ్లు చూసిన మనకు ఆ మాట విలువ వేరే చెప్పాలా? కొన్నాళ్లకని పిలిస్తే ఏళ్లపాటు పాడింది. ముసలి గొంతు, ఇరవై ఏళ్లు వార్డులో తిరిగిన గొంతు. జనం విరగబడి వచ్చారు.

ప్రెసిడెంటు కార్టర్ దగ్గర్నుంచి పాడమని పిలుపొస్తే, ఆ రోజు తనకు సెలవు రోజని మొదట రానన్నదట. వాళ్లే తేదీ మార్చుకున్నారట. నాకు ఆమె బతుకులో అన్నిటికంటే నచ్చిన ముక్క ఇది. దేశాధ్యక్షుడు పిలిచినా సెలవు సెలవే! కష్టజీవికి విశ్రాంతి హక్కు అని మనం మీటింగుల్లో గంటసేపు చెప్పేది ఆమె ఒక్క మాటలో తేల్చేసింది.

1984 అక్టోబర్ 17న చనిపోయింది. 2011లో బ్లూస్ పాటకుల గౌరవ జాబితాలో ఆమె పేరు చేర్చారు. ఆమె పనిచేసిన ఆసుపత్రిని 2013లో మూసేశారు. ఆ చోట ఇప్పుడు పెద్ద విద్యాసంస్థ ఉంది. పాట మిగిలింది, వార్డు చెరిగిపోయింది. లోకానికి పాటగత్తె గుర్తుంది. నర్సుని కథలో ఒక విచిత్రంలాగా మాత్రమే చెప్పుకుంటారు. ఇరవై ఏళ్ల చాకిరీ విచిత్రమా?

ఇక మన గడ్డకి వద్దాం. నర్సు పని మన దేశంలో ఎవరు అందుకున్నారు? రక్తం, చీము, పురుడు, శవం, ఇవన్నీ మైల అని పైకులాలు దూరం జరిగినప్పుడు ముందుకొచ్చినవాళ్లలో క్రైస్తవం పుచ్చుకున్న మన ఇళ్ల ఆడపిల్లలు చాలామంది. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చి, 1898లో అక్కడ ఆసుపత్రి తెరిచిందని మన పెద్దలకు తెలుసు. అట్లాంటి మిషను ఆసుపత్రుల్లో ఎందరో పల్లె ఆడపిల్లలు మొదటిసారి తెల్లబట్ట కట్టి, జీతం తీసుకుని, నలుగురిలో సిస్టరమ్మ అనిపించుకున్నారు. ఆదివారం గుడిలో పాట ఎత్తుకున్నదీ చాలాచోట్ల వాళ్లే. డాక్టరమ్మ పేరు ఆసుపత్రి గోడమీద ఉంది. ఆ సిస్టర్ల పేర్లు ఎక్కడున్నాయి?

స్వాతంత్ర్యానికి ముందు 1946లో భోర్ కమిటీ దేశం మొత్తానికి నర్సులు ఏడు వేల మందే అని, 43 వేల మందికి ఒక నర్సు అని రాసింది. ఆ కరువులో దేశాన్ని మోసిన చేతుల్లో మన చేతులెన్నో! 2005 నుంచి ఆశా వర్కర్లు వచ్చారు. ఇంటింటికీ తిరిగేది వాళ్లు, అర్ధరాత్రి కాన్పుకి తీసుకుపోయేది వాళ్లు. పేరు మాత్రం వలంటీరు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్లకు అవార్డిచ్చింది. ఉద్యోగులుగా గుర్తించండి అని వాళ్లు మాత్రం రోడ్డెక్కుతూనే ఉన్నారు. అవార్డు ప్రపంచానిది, పస్తు పల్లెది!

‘సేవ అనే మాటే తప్పా మాస్టారూ?’ అంటే, తప్పు కాదు. ఆల్బర్టా ప్రేమతోనే రోగుల్ని చూసింది, ప్రేమతోనే పాడింది. ప్రేమ ఉంది గదా అని కూలి మానేయడమే తప్పు. డాక్టరు ప్రేమతో చూడడా? ఆయన ఫీజు ఎవరైనా ఎగ్గొడతారా? చేసే మనిషి ఎవరు అన్నదాన్ని బట్టే ఒకరిది వృత్తి అవుతోంది, ఇంకొకరిది సేవ అవుతోంది.

ఇదే ప్రశ్న మన సంఘాలకూ వేస్తున్నాను. మన సభల్లో జనం కూడేదాకా పాడేదెవరు? మన అక్కచెల్లెళ్లు. నాయకుడి కారు రాగానే పాట మధ్యలో ఆపించేదెవరు? మన కార్యకర్తలే. కరపత్రంలో వక్తల పేర్లు పదిహేను, పాడినవాళ్లకు ‘సాంస్కృతిక బృందం’ అని ఒక ముక్క. ఆ రోజు వాళ్లు పోగొట్టుకున్న కూలి ఎవరిచ్చారు? వాళ్ల పాట ఫోనులో పట్టి యూట్యూబులో పెట్టి డబ్బు చేసుకునేవాళ్లు పేరైనా వేస్తున్నారా? 368 డాలర్ల కథ షికాగోలో మొదలై అక్కడే ఆగిపోలేదు.

అందుకని మూడు పనులు చేద్దాం. ఒకటి, కరపత్రంలో పాడే ప్రతి మనిషి పేరూ వక్తల పేర్ల పక్కనే వేయాలి. రెండు, బస్సు ఛార్జీతోపాటు ఆ రోజు కూలి సభ ఖర్చుల్లో ముందే రాయాలి. మూడు, ప్రతి పల్లెలో ఒక నోటుపుస్తకం పెట్టండి. మీ ఊళ్లో మంత్రసానులు, ఆయాలు, నర్సమ్మలు, సిస్టర్లు, ఆశాలు ఎవరెవరు? ఎక్కడ నేర్చుకున్నారు? మొదటి జీతం ఎంత? ఎంతమందికి పురుడు పోశారు? ఏ పాటలు పాడేవాళ్లు? బళ్లో చదువుకునే పిల్లల చేత రాయించండి. ముసలివాళ్లు ఉండగానే అడగండి. పోయాక అడిగితే ఫొటో చెప్పదు.

నర్సమ్మకు శాలువా కప్పే పెద్దమనిషి ఈసారి మీ ఊరొస్తే, చప్పట్లు కొట్టే ముందు ఒక్క మాట అడగండి: ‘అయ్యా, ఈమెకు జీతం ఎంత ఇస్తున్నారు?’

జై భీమ్.